జామచెట్టు వద్దన్న గోరింక

తూర్పు కొండల మీద పొద్దు బారెడు ఎక్కేసరికి, ఒక నులకమంచం మేఘాలను చీల్చుకుంటూ దూసుకొస్తోంది.

అవును, మంచమే! వెండిపూలు చెక్కిన నాలుగు కోళ్ళు, నెమలికంఠం రంగు నులక, తలవైపు వరసగా చిరుగంటలు. ఒక ముని ఇచ్చిన కానుక అది. అది గాలిలో వెళుతుంటే కింద అడవిలో చందనపు చెట్లు తలలు వంచుతున్నాయి. జలపాతాలు తుంపరలతో దాని కోళ్ళు కడుగుతున్నాయి. కిన్నెరలు పాట మధ్యలో ఆపేసి నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు. ఇంత వైభవంలోనూ ఒక్కటే లోపం. ముందువైపు కూర్చున్న మనిషి బరువుకి నులక సాగిపోయి మంచం కాస్తా ఊయలైంది.

ఆ మనిషి శారికాపుర యువరాజు శరభాంకుడు. పాతికేళ్ళ వయసు, సింహం నడుము, గండ్రగొడ్డలి లాంటి మీసం. కత్తి దూస్తే నూరుమందికి ఒక్కడే సరిపోతాడు. ఆలోచించాల్సి వస్తే మాత్రం ముందు కత్తి దూస్తాడు. ఆయన వెనక, ఒళ్ళో పంజరం పెట్టుకుని కూర్చున్నది కందళి. శారికాపురంలో గోరింకలకు మాటలు నేర్పడం ఆమె పని. పంజరంలో ఉన్న గోరింక పేరు బంగారి. నిజం చెప్పాలంటే ఆ ముగ్గురిలో అతి ముఖ్యమైన ప్రాణి అదే.

ఎందుకంటే, శారికాపురంలో ఎవరూ వీలునామా తాటాకు మీద రాయరు. నూరేళ్ళ కిందట ఒక మహారాజు రాసిన వీలునామాని చెదలు తినేశాయి. ఆయన కొడుకులు ఏడుగురూ పదిహేనేళ్ళు కొట్టుకున్నారు, ఎందుకు కొట్టుకుంటున్నారో మర్చిపోయాక ఇంకో రెండేళ్ళు కొట్టుకున్నారు. అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ ఒక గోరింకని పెంచుతారు. తమ తర్వాత ఇల్లు ఎవరిది, తోట ఎవరిది, పిల్లల్ని ఎవరు పెంచాలి, అంతా దానికి నేర్పుతారు. మొదటి మాటలు, చివరి మాటలు కందళి లాంటివాళ్ళు నేర్పుతారు. మధ్యలో వచ్చే పేర్లు మాత్రం ఇంటివాళ్ళే తలుపులు వేసుకుని నేర్పుకుంటారు. మనిషి పోతే, లేదా మూడు నెలలు కనిపించకుండా పోతే, ఆ గోరింకని సభకి తెచ్చి మాట్లాడిస్తారు. అది చెప్పిందే చట్టం.

శరభాంకుడి అన్నగారు వజ్రబాహు మహారాజు, వదినగారు రాణి కనిపించకుండా పోయి ఈ మధ్యాహ్నానికి సరిగ్గా మూడు నెలలు. ధూమగిరి మాంత్రికుడు ధూమ్రజటి మీదకి వెళ్ళారు, తిరిగి రాలేదు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఆరేళ్ళ మంజరి. ఆ పిల్ల వేలికి ఒక ముద్దుటుంగరం ఉంది. కోట ఏడు తలుపులూ దానికే తెరుచుకుంటాయి. అది మంత్రానికి లొంగదు, కత్తికి లొంగదు. మంజరిని పెంచే హక్కు చట్టప్రకారం ఎవరిదో వాళ్ళ మాటే వింటుంది. పిల్ల ఎవరి చేతికి పోతే రాజ్యం కూడా వాళ్ళ చేతికే!

వారం కిందట మంజరి మేనమామనంటూ ఒకాయన ఊడిపడ్డాడు. పేరు చిత్రసేనుడట. చిన్నప్పుడే ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు కాబట్టి ఆయన మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చేతిమీద ఒక రామచిలుక, రాజుగారి వీలునామా దానికీ నేర్పారట. ఆయన వచ్చిన రోజే రాజుగారి గోరింకని ఎక్కడిదో ఒక పిల్లి తినేసింది. కానీ కందళి ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ఒక గోరింక ఇంట్లో ఉంటే, అవే మాటలు నేర్చిన రెండోది ఊరికి దూరంగా ఉండాలని. రాజుగారు ఆ మాట విన్నారు. అదే ఈ బంగారి. మూడు కొండల అవతల ఒక ఆశ్రమంలో దాచిన దాన్ని తీసుకుని మన వీరులు తిరిగి వస్తున్నారు. సభలో మధ్యాహ్నం మూడో శంఖం ఊదేలోపు చేరాలి.

"యువరాజా, కాస్త వెనక్కి జరగండి. మంచం ముందుకి ఒరిగిపోతోంది."

"వీరుడు ముందే కూర్చుంటాడు, కందళీ."

"ఆశ్రమంలో వీరుడు పద్దెనిమిది గారెలు తిన్నాడు. ఆ సంగతి మంచానికి తెలిసిపోతోంది."

శరభాంకుడు విననట్టు మీసం సవరించుకున్నాడు. "మంజరి నా దగ్గరే పెరుగుతుంది. అన్నయ్య నా పేరు కాక ఇంకెవరి పేరు చెప్తాడు? అయినా ఆ పిట్టని ఒకసారి ఇక్కడే అడిగి చూస్తే పోలా?"

"సభలో తప్ప అడగకూడదు. అడిగినా చెప్పదు, నేను నేర్పిన పిట్ట. అది సరేగానీ, మీ గోరింక ఏది?"

"నాకెందుకు?"

"అందరికీ ఎందుకో మీకూ అందుకే."

"ఛీ ఛీ! పొద్దున్నే అశుభం మాటలు! నేనేమైనా ముసలాణ్ణా? వీలునామా చెప్పుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ అనేది."

"మీ అమ్మమ్మగారు ఏ వీలునామా చెప్పకుండానే పోయారు కదండీ. ఆవిడ వడ్డాణం కోసం మీ పిన్నులు ముగ్గురూ ఇప్పటికీ మాట్లాడుకోరు."

శరభాంకుడు ఏదో అనబోయాడు. అంతలో ఒక పొగరంగు రాబందు మబ్బుల్లోంచి ఈటెలా దిగింది! కత్తి దూసేలోపే నులకని ముక్కుతో పట్టి లాగింది. పట్! పట్! పట్! వరసలన్నీ ఊడిపోయాయి. శరభాంకుడు మంచం మధ్యలోంచి కిందకి జారాడు. ఆయన కాలు పట్టుకుని కందళి, ఆమె చేతిలో పంజరం పట్టుకుని బంగారి... పంజరాన్ని బంగారి పట్టుకోలేదు లెండి, అరిచింది. ముగ్గురూ మబ్బుల్లోంచి, చెట్ల కొమ్మల్లోంచి, తేనెపట్టు పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పుకుని, మెత్తగా దేనిమీదో పడ్డారు.

అది ఒక అరచెయ్యి.

ఆ అరచేతి వెనక చెయ్యి, చేతి వెనక భుజం, భుజం మీద ఒక తల. చెవులకి బండిచక్రాల కుండలాలు, మెడలో ఏనుగు దంతాల హారం, కనుబొమల్లో గూళ్ళు కట్టుకున్న కొంగలు. కొండకనుమని కాపలా కాసే బ్రహ్మరాక్షసుడు కొండమింగుడు!

"రెండు తలకాయలూ ఒక పిట్టా," అన్నాడు కొండమింగుడు లెక్క చూసి. ఆ గొంతుకి చుట్టుపక్కల రాళ్ళు దొర్లాయి. "పిట్ట పంటి కిందకి రాదు. పిల్ల ఎముకలపోగు. ఓయ్, మీసాలూ! నువ్వు బాగున్నావ్. వీలునామా చెప్పుకున్నావా?"

"ఏమిటీ?" అన్నాడు శరభాంకుడు.

"వీలునామా. నీ తర్వాత ఏది ఎవరికని. అది లేనివాణ్ణి నేను తినను. కిందటేడు ఒక వర్తకుణ్ణి తిన్నాను. వాడి ఇద్దరు పెళ్ళాలు, నలుగురు బావమరుదులు, ఎవరో పెంపుడు కొడుకు, అందరూ వచ్చి నా గుహ ముందు ఆరు నెలలు తగువులాడుకున్నారు. 'చనిపోయే ముందు ఏమన్నాడు? ఎవరి పేరు అన్నాడు?' అని నన్ను అడుగుతారు! నేను నములుతున్నాను, విన్నానా? నిద్ర లేదు నాకు. త్వరగా చెప్పేసుకో, ఆకలేస్తోంది."

"రా, చూసుకుందాం!" అని శరభాంకుడు రాక్షసుడి బొటనవేలి గోరు మీద కత్తితో ఒక్క వేటు వేశాడు. కత్తి వంకర తిరిగింది. కొండమింగుడు జాలిగా చూశాడు.

కందళి యువరాజు మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది. "ఊరుకోండి. వీలునామా చెప్పండి."

"నువ్వూ వీడి పక్షమేనా?"

"చెప్పండి అంటున్నానా! కొండమింగుడన్నా, ఆపదలో ఉన్నవాళ్ళు గోరింక లేకుండా నోటితో చెప్పినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకదాన్ని నేను. రెండోవాడివి నువ్వుంటావా?"

కొండమింగుడి మొహం వెలిగింది. ఇన్ని యుగాల్లో అతన్ని ఎవరూ ఏ శుభకార్యానికీ పిలవలేదు, అశుభకార్యానికీ పిలవలేదు. "ఉంటా," అని మెడలో హారం సర్దుకున్నాడు.

"నిండు తెలివితో చెప్తున్నాను, అనండి," అంది కందళి.

"నిండు తెలివితో చెప్తున్నాను."

"అన్నా, నిండు తెలివి ఉన్నట్టు కనిపిస్తోందా?"

కొండమింగుడు యువరాజుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముప్పాతిక వరకూ ఉంది. కానివ్వు."

శరభాంకుడు పళ్ళు కొరుక్కుంటూ మొదలుపెట్టాడు. గుర్రం దాన్ని మేపే సాహిణికి. కత్తులు సేనాపతికి. మీసాలకి రాసుకునే సంపెంగ నూనె చిన్న వంటవాడికి, వాడికి ఎప్పటినుంచో దాని మీద కన్ను ఉంది. పట్టుబట్టలు... అక్కడ ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. నేలకేసి, అంటే రాక్షసుడి అరచేతికేసి చూస్తూ అన్నాడు: "ఏటి ఒడ్డున తెల్లమేడ, మొగలితోట, మిగిలినదంతా... కందళికి."

కొండమింగుడు "అబ్బ!" అని రెండో చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

కందళి చెవులు ఎర్రబడ్డాయి. కానీ పని పనే. "కుదరదండీ. నేను సాక్షిని. సాక్షికి మీ సొత్తులో చిటికెడు కూడా రాకూడదు."

"అంటే నేను నీకు ఏమీ ఇవ్వలేనా?"

"బతికుంటే ఇవ్వొచ్చు," అంది కందళి.

మేడా తోటా అనాథశరణాలయానికి చెప్పించి వీలునామా ముగించారు. కొండమింగుడు పెదాలు తడుపుకుని, గుమ్మం తలుపంత నోరు తెరిచాడు.

"ఆగన్నా!" అంది కందళి. "నువ్వు సాక్షివి. సాక్షికి చిటికెడు కూడా రాకూడదని ఇప్పుడేగా విన్నావ్?"

"నేనేం తీసుకుంటున్నా? మేడ అడిగానా?"

"యువరాజుగారికి అన్నిటికన్నా పెద్ద సొత్తు ఏమిటో చూడు. ఆ కండలు! అవి నీ పొట్టలోకి పోతే నీ సాక్ష్యం చెల్లదు. సాక్ష్యం చెల్లకపోతే వీలునామా చెల్లదు. వీలునామా లేనివాణ్ణి నువ్వు తినవు."

కొండమింగుడు నోరు తెరుచుకునే ఆలోచించాడు. రెండో చేతి వేళ్ళు ముడుస్తూ ఒకసారి, విప్పుతూ ఒకసారి ఆలోచించాడు. ఎటునుంచి వెళ్ళినా అక్కడికే చేరాడు. నోరు మూశాడు.

"ఇంకొకటి కూడా ఉందన్నా," అంది కందళి మెల్లగా. "ఈయన ఎలా పోయినా సాక్షివి నువ్వు సభకి రావాలి. వసారాలో కూర్చోబెడతారు. 'ఇవాళ కాదు, రేపు రా' అంటారు. రేపు వస్తే ధర్మాధికారిగారు పెళ్ళికి వెళ్ళారంటారు."

కొండమింగుడికి చెమట పట్టింది. యువరాజుని రెండు వేళ్ళతో ఎత్తి, ఆయన బట్టల మీద దుమ్ము దులిపాడు. "నాయనా, జాగ్రత్తగా బతుకు. వానలో తడవకు. ఎక్కడికి వెళ్ళాలి నువ్వు?"

"శారికాపురం సభకి! మూడో శంఖం లోపు!"

"కళ్ళు మూసుకోండి," అని కొండమింగుడు చెయ్యి వెనక్కి చాచి, విసిరాడు!

ఆ వేగానికి రెండు కొండలు పక్కకి జరిగినట్టు అనిపించింది. ఒక ఏరు, ఒక ఎడారి, ఒక పెళ్ళి ఊరేగింపు కాళ్ళ కింద గీతల్లా పోయాయి. ధడేల్! ముగ్గురూ శారికాపురం గజశాల గడ్డివాములో నడుము లోతున దిగబడ్డారు. అప్పుడే రెండో శంఖం మోగింది.

శారికాపురం సభ గురించి చెప్పాలంటే నూట ఎనిమిది స్తంభాల గురించి చెప్పాలి. ఒక్కో స్తంభానికి ఒక్కో రకం పిట్ట, ఒక్కో పిట్టకి కెంపుల కళ్ళు. పైకప్పు నిండా పంజరాలు, పంజరాల నిండా గోరింకలు. కిందటి తరాల సాక్షులన్నీ అక్కడే విశ్రాంతి తీసుకుంటూ, కొత్త సాక్షుల ఉచ్చారణకి వంకలు పెడుతుంటాయి. మధ్యలో ధర్మపీఠం. దానిమీద తొంభై ఏళ్ళ ధర్మాధికారి వ్యాఘ్రపాదులవారు. పళ్ళు లేవు కాబట్టి ఆయన చిన్న ఇత్తడి రోట్లో తాంబూలం దంచుకుంటూ తీర్పులు చెప్తారు.

పీఠం పక్కన మంజరి నిలబడి ఉంది. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పట్టు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటూ చిత్రసేనుడు. "రామ్మా, మామయ్య దగ్గరికి రా. ఇదిగో దంతపు బొమ్మ."

"వద్దు," అంది మంజరి. "నీ దగ్గర పొగ వాసన వస్తోంది."

"పాపం, పసిది!" అని చిత్రసేనుడు ఇంకో కన్ను ఒత్తుకున్నాడు. ఆయన భుజం మీద రామచిలుక రాగం తీసి చదివింది: "సభాసదులారా! మేము, వజ్రబాహు మహారాజు, రాణీవారు, నిండు తెలివితో చెప్పునది ఏమనగా, మా ముద్దులపట్టి మంజరిని మా బావమరిది చిత్రసేనులవారి చల్లని చేతుల్లో పెడుతున్నాం!"

పైకప్పు మీద ముసలి గోరింకలు ముక్కులు చిట్లించాయి. వ్యాఘ్రపాదులవారు రోలు పక్కన పెట్టారు. "ఇంకో సాక్ష్యం లేదు కనక..."

"ఉంది!" తలనిండా గడ్డితో శరభాంకుడు గుమ్మంలో నిలబడ్డాడు. "ఉంది తాతగారూ! అన్నయ్య రెండో గోరింక!"

"చిన్నాన్నా! కందళక్కా!" మంజరి ఎగిరి గంతేసింది.

బంగారిని ధర్మపీఠం మీద పెట్టారు. అది రెక్కలు దులుపుకుని, చుట్టూ చూసి, తన ముందు వంద పిట్టలు వింటున్నాయని గ్రహించి, ఛాతీ పొంగించింది.

"మేము, వజ్రబాహు, ఆయన భార్య, నిండు తెలివితో, ఎవరి బలవంతం లేకుండా చెప్తున్నాం. ఇంతకు ముందు చెప్పినవన్నీ రద్దు. వంటింటి వెనక జామచెట్టు బంగారికి. మా కూతురు మంజరిని..."

"ఆపండి!" చిత్రసేనుడు లేచాడు. కన్నీళ్ళు ఎటు పోయాయో తెలియదు. "ధర్మప్రభువులు విన్నారా? సాక్షికి జామచెట్టు! సాక్షికి ఆస్తిలో చిటికెడు కూడా రాకూడదని కదా మీ చట్టం? ఈ సాక్ష్యం చెల్లదు!"

సభ గొల్లుమంది. కందళి మొహం పాలిపోయింది. శారికాపురంలో ఇంటింటా జరిగే తప్పు ఇది. నెలల తరబడి పిట్టకి మాటలు నేర్పుతారు. నేర్పుతూ నేర్పుతూ దానిమీద ప్రేమ పెంచుకుంటారు. చివరి రోజు, కందళి వద్దు వద్దని ఎన్నిసార్లు చెప్పినా, ఎవరూ చూడకుండా దాని పేర ఒక చెట్టో, ఒక గిన్నో, ఎండ పడే ఒక కిటికీయో పెట్టేస్తారు. మహారాజు కూడా అంతే!

"ధర్మప్రభూ," అంది కందళి. "బంగారి ఆ చెట్టుని వదులుకుంటే? లాభం వదులుకున్న సాక్షి మాట నిలుస్తుంది. పోతే చెట్టు పోతుంది, మాట పోదు."

వ్యాఘ్రపాదులవారు కాసేపు తాంబూలం దంచారు. "నిజమే. కానీ సాక్షి తన నోటితో తనే వద్దనాలి. మూడో శంఖం లోపు."

అందరూ బంగారిని చూశారు. బంగారి పైకప్పుని చూసింది.

"బంగారీ," అని బతిమాలింది కందళి, "నా తల్లివి కదూ. చెట్టొద్దు అను."

బంగారి ఒక కన్ను మూసింది.

"ఏయ్ పిట్టా! అంటావా, మెడ..." శరభాంకుడు కత్తి మీద చెయ్యి వేశాడు.

"బలవంతం!" అని అరిచాడు చిత్రసేనుడు.

"అయితే పది జామచెట్లు ఇస్తా! మామిడితోట ఇస్తా!"

"అది లంచం యువరాజా, మీరు కాసేపు నోరు మూసుకుంటారా!" అంది కందళి. అంతటి కంగారులోనూ సభలో సగంమంది నవ్వారు.

శంఖం ఊదేవాడు బుగ్గల్లో గాలి నింపుకుంటున్నాడు. అప్పుడు మంజరి పీఠం ఎక్కి, బంగారి పక్కన గొంతుకూర్చుని, చాలా గుట్టుగా, అంటే సభంతా వినేలా, చెవిలో చెప్పింది: "బంగారీ, ఆ చెట్టు నాకు ఇచ్చెయ్యవే. నేను కాయలు తినను. పండినవన్నీ నువ్వే తిను. పచ్చివి నువ్వే తిను. సరేనా?"

"లంచం! లంచం!" చిత్రసేనుడు గంతులేశాడు.

వ్యాఘ్రపాదులవారు రోట్లో దడదడా దంచుతున్నారు. "ఆరేళ్ళ పిల్ల మాట చట్టంలో ఒప్పందం కాదు నాయనా. అందుకని నేను వినలేదు."

బంగారి మంజరిని చూసింది. చెట్టుని తలుచుకుంది కాబోలు, ఒక్క నిట్టూర్పు విడిచింది. "చెట్టొద్దు," అంది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే గుక్కతిప్పుకోకుండా మొదలుపెట్టింది:

"మా కూతురు మంజరిని కందళికి అప్పగిస్తున్నాం. తమ్ముడు శరభాంకుడు బంగారం లాంటివాడు. అడిగితే ప్రాణం ఇస్తాడు, అడక్కపోయినా ఇస్తాడు. మా పిల్లకి రోజూ ప్రాణాలు అక్కర్లేదు. వేళకి అన్నం పెట్టేవాళ్ళు, జ్వరం వస్తే కనిపెట్టేవాళ్ళు, తప్పు చేస్తే తప్పని చెప్పేవాళ్ళు కావాలి. ఇది మా చివరి మాట."

మూడో శంఖం మోగింది. మంజరి వేలి ఉంగరం నిప్పుకణికలా వెలిగి, దాని వెలుగు తాడులా సాగి కందళి మణికట్టుకి చుట్టుకుంది.

శరభాంకుడు మీసం సవరించుకోవడం మర్చిపోయాడు. "అన్నయ్య... నన్ను..." అని, కందళిని చూసి, మంజరిని చూసి, తల గోక్కున్నాడు. "నిజమేలే. నాకు నా అన్నమే వేళకి గుర్తుండదు."

అంతా అయిపోయిందనుకుని జనం లేస్తుంటే చిత్రసేనుడు చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు: "ధర్మప్రభూ, ఒక చిన్న సందేహం. కందళికి ఏదైనా అయితే? ఆమె తర్వాత ఎవరు?"

అందరూ బంగారి వైపు తిరిగారు. బంగారి నోరు తెరిచి మూసింది. దానికి ఎవరూ రెండో పేరు నేర్పలేదు.

"రెండో పేరు లేకపోతే," అన్నారు వ్యాఘ్రపాదులవారు అయిష్టంగా, "తల్లివైపు దగ్గరి మగచుట్టానికి. మేనమామకి."

"అలాగా," అన్నాడు చిత్రసేనుడు.

ఆయన కదల్లేదు. చిటికె కూడా వెయ్యలేదు. భుజం మీద రామచిలుక మాత్రం ముక్కు తెరిచింది. అందులోంచి పొగ! ముందు సాంబ్రాణి తీగలా, తర్వాత సుడిగుండంలా, తర్వాత కొండచిలువలా! అది నేల మీద పాకి కందళి పాదాలకి చుట్టుకుంది. పాదాలు మాయం! జనం స్తంభాల చాటుకి పరుగెత్తారు. శరభాంకుడు కత్తితో పొగని ఎడాపెడా నరికాడు, పొగకి ఏమవుతుంది? మోకాళ్ళు మాయం!

"అయ్యో, పిచ్చితల్లీ, ఏమైందమ్మా!" అని చిత్రసేనుడు ఉత్తరీయం తీసి మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాడు.

"ధర్మప్రభూ!" కందళి అరిచింది. "ఆపదలో ఉన్నాను! నోటితో చెప్తున్నాను! నా తర్వాత మంజరిని..."

"మొదటినుంచి చెప్పమ్మా!" వ్యాఘ్రపాదులవారు పీఠం మీద లేచి నిలబడ్డారు. "నిండు తెలివితో అను! ఎవరి బలవంతం లేకుండా అను!"

"నన్ను పొగ మింగుతోందండీ!"

"ఆ బలవంతం కాదు, పేరు విషయంలో!"

నడుము మాయం! "నిండు తెలివితో! ఎవరి బలవంతం లేకుండా! నా తర్వాత మంజరి శరభాంకుడికి! ఇందాకటినుంచి ఆయన తెలివి కొంచెం పెరిగింది!" భుజాలు మాయం! "సాక్షులు!"

"విన్నాను!" అన్నారు వ్యాఘ్రపాదులవారు. "రెండో సాక్షి! రెండో సాక్షి ఎవరు?"

స్తంభాల చాటునుంచి ఒక్క తల కూడా బయటికి రాలేదు. పీఠం మీద బంగారి మాత్రం పొగకి దగ్గుతూ, రెక్కలు కొట్టుకుంటూ అరిచింది: "విన్నాను! నాకేమీ వద్దు! విన్నాను!"

కందళి మొహం చివరిసారి పొగలోంచి కనిపించింది. మంజరిని చూసి నవ్వబోయింది. అంతే, ఆ నవ్వు కూడా మాయం. ఉంగరం వెలుగు గాలిలో ఒక్క క్షణం ఊగి, శరభాంకుడి మణికట్టుకి చుట్టుకుంది.

చిత్రసేనుడి ఏడుపు ఆగిపోయింది. కాదు, కోపంగా మారింది! ఉత్తరీయం మండిపోయింది, పట్టుబట్టలు బూడిదై రాలాయి, జుట్టు పొగ జడలై లేచింది. "ఒక్క పేరు! ఒక్క పేరుకి తప్పిపోయింది!" చిత్రసేనుడు కాదు, మాంత్రికుడు ధూమ్రజటి! ఆ పొగసుడి మీదే ఎక్కి, పైకప్పు చూరు పగలగొట్టుకుని, కందళితో సహా ధూమగిరి వైపు ఎగిరిపోయాడు. నల్లటి పొగతోక ఒకటి కోట గోడమీదుగా పాకుతూ ఆయన వెనకే వెళుతోంది.

శరభాంకుడు మూడు అంగల్లో బయటికి ఉరికి, ముందు కనిపించిన గుర్రం మీదకి దూకాడు.

"ఆగు!" వ్యాఘ్రపాదులవారి గొంతు. "నాయనా, ఇప్పుడు నువ్వు సంరక్షకుడివి. మొదటి ఏడాది పిల్లని వదిలి కోట గడప దాటకూడదు. దాటిన మరుక్షణం ఆ వెలుగు తెగిపోతుంది. వెలుగు తెగితే కోటకి కాపలా ఉండదు, ఏడు తలుపులూ వాడికి తెరుచుకుంటాయి."

"ఆమెని వాడు తీసుకుపోతున్నాడు తాతగారూ!"

"చూస్తున్నాను నాయనా."

గడపకి అంగుళం దూరంలో గుర్రం గిట్టలు నేల తవ్వుతున్నాయి. కందళి దగ్గరికి చేర్చే ఒకే దారి, ఆ పొగతోక, గోడమీదుగా జారిపోతోంది. ఇక పది బారలుంది. తొమ్మిది. పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి శరభాంకుడు దూకకుండా ఆగాడు. దాటితే మంజరి పోతుంది. ఆగితే కందళి పోతుంది.

ఎవరో ఆయన కాలు పట్టుకుని లాగారు. కింద మంజరి. చెప్పులు వేసుకుని వచ్చింది, ఒకటి తిరగేసి.

"చిన్నాన్నా, తాతగారు ఏమన్నారు?"

"నిన్ను వదిలి దాటకూడదన్నారమ్మా."

"మరి వదలకు," అని మంజరి రెండు చేతులూ పైకి చాచింది. "ఎత్తుకో!"

శరభాంకుడు వెనక్కి తిరిగి చూశాడు. వ్యాఘ్రపాదులవారు గడ్డం నిమురుకున్నారు. పైకప్పు మీద వంద గోరింకల వైపు చూశారు. అవన్నీ తమకి తెలిసిన చట్టాలన్నీ నెమరువేసుకుని, ఒక్కటి కూడా నోరెత్తలేదు.

"అడ్డం ఏమీ కనిపించడం లేదు," అన్నారు ధర్మాధికారి. "పిల్లకి శాలువా కప్పు. పైన చలిగా ఉంటుంది."

ఒక్క లాగుతో మంజరి గుర్రం మీద ఉంది. రెండో లాగుతో శాలువా ఆమె చుట్టూ ఉంది. గుర్రం గడప దాటింది. వెలుగు తెగలేదు! మెట్లు ఎక్కింది, వెలుపలి గోడ ఎక్కింది, బురుజుల మీద నిప్పురవ్వలు లేపుతూ పరుగెత్తింది. పొగతోక చివరి కొస గోడ అంచు దాటుతోంది. దాని అవతల మూడు తాటిచెట్ల లోతు అగడ్త, అగడ్త నిండా మొసళ్ళు. "గట్టిగా పట్టుకో తల్లీ!" గుర్రం దూకింది!

పొగ వాళ్ళని చల్లగా, నల్లగా కప్పేసింది. గిట్టల చప్పుడు ఆగిపోయింది. కోట లేదు, ఆకాశం లేదు. ముందు ఎక్కడో చాలా దూరంలో కందళి గొంతులాంటిది వినిపించింది, లేదా వినిపించినట్టు అనిపించింది.

"చిన్నాన్నా," అంది మంజరి ఆయన నడుము చుట్టూ చేతులు బిగించి, "గుర్రం కాళ్ళు దేనిమీదా ఆనడం లేదు."

శరభాంకుడు కిందకి చూశాడు. నిజంగానే కింద ఏమీ లేదు.